పగలని ముద్ద

"నాలుగోది గూడ పలిగిపోయింది అవ్వా," అంది మమత. ఫోనులో జపాను ఆవిడ అన్నాన్ని మూడు మూలల ముద్దగా ఒత్తి నవ్వుతోంది. మమత చేతిలో మెతుకులే మిగిలాయి.

పక్కనే లస్మవ్వ ఉల్లిగడ్డ కోస్తోంది.

సదయ్య మంచం మీంచి లేచి వచ్చి చేతులు తడుపుకున్నాడు. అన్నం తీసుకుని, నడుమ మామిడికాయ తొక్కు పెట్టి, రెండు ఒత్తులు ఒత్తి పళ్లెంలో పెట్టాడు. ముద్ద కదల్లేదు. వరసగా ఆరు చేశాడు. ఆరూ ఒకే అచ్చులో తీసినట్టున్నాయి.

"యాడ నేర్సినవ్ తాతా?"

"బొగ్గు బాయిల. బొగ్గుకు బొక్క గొట్టి పేలుడు మందు కూరినంక, అది మూసెతందుకు మట్టి ముద్దలు గావాలె. రిటైరయ్యేదాక గదే నా డ్యూటీ."

లస్మవ్వ చేతిలో కత్తి ఆగింది. "మందు పేల్చేది నువ్వే అంటివి గద, పెండ్లిసూపులల్ల? నేను కాలనీ అంతా గదే చెప్పుకున్న."

"పేల్చెటోడు వేరే." సదయ్య ఏడో ముద్ద ఒత్తాడు. "ముద్ద సక్కగ లేకుంటే మందు ఎన్కకు తంతది. ఎదురుంగ ఉన్నోడు బతుకడు."

"ఎన్నిసార్లు తన్నింది?" అంది లస్మవ్వ.

"నా ముద్దకా? ఒక్కసారి గూడ తన్నలే."

లస్మవ్వ ఒక ముద్ద తీసుకుని సగం కొరికింది. మిగతా సగం చెదరలేదు. నెమ్మదిగా నమిలి మింగింది.

"పక్కింటి సర్వరీ బేగంకు రెండు ఇచ్చిరా పో," అంది మమతతో. "మా తాత చేసిండని చెప్పు. బాయిల గూడ గివే చేసిండని చెప్పు."