హిమజక్కకు వేసిన ప్రశ్న

ఢీకొనబోయిన రెండు విమానాలను ఒక్క ఆదేశంతో తప్పించినందుకు మా పెద్దమ్మ కూతురు హిమజకు ఆగిరిపల్లి మామిడికాయల షెడ్డులో, చిన్నరసాల ట్రేల మధ్య సన్మానం జరిగింది. విమానాశ్రయంలో కూర్చుని విమానాలకు దారి చెప్పే ఉద్యోగం ఆమెది.

వక్తృత్వ పోటీల్లో నేను తెచ్చిన కప్పులకు ఈ ఊరు ఏనాడూ దండ వేయలేదు. ఆ ఈర్ష్యతోనే వేదికెక్కి మైకు అందుకున్నాను.

"అక్కా, అసలు ఆ రెండింటినీ అంత దగ్గరకు రానిచ్చింది ఎవరు?"

"దిగవే కిందకి! అక్క మీద ఏడుపా నీకు?" పెద్దమ్మ కేకేసింది.

హిమజ నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"నేనే. ఒకదానికి ఎత్తు తప్పు చెప్పాను. చూసుకుని, వెంటనే పక్కకు తిప్పించాను. ఆఫీసులో ఒప్పేసుకున్నా, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. పొద్దుట్నుంచి చెబుదామంటే ఇక్కడెవరూ నోరు తెరవనివ్వట్లేదు. నువ్వన్నా అడిగావు, మంచి పని చేశావే."

ఆమె తన మెడలోని దండ తీసి నా చేతిలో పెట్టి, వేదిక దిగింది.

వాదన నేనే గెలిచాను. దండ కూడా నా దగ్గరే ఉంది. అయినా, తప్పు తనదని చెప్పి తేలికగా నడిచిపోతున్న ఆమెనే ఈర్ష్యతో చూస్తూ నిలబడ్డాను.