పంతులుగారి బండికి ఏసీ

“ఇంతకీ ఈ కంప్రెసర్ ఏ బండిలోంచి తీశారండీ?”

దీక్షిత్ ఈ మాట అడగడం ఇది మూడోసారి. మారుతీ 800 బానెట్‌లో తల దూర్చి బెల్టు బిగిస్తున్న హరిబాబు నడుం మీద చెయ్యి వేసుకుని పైకి లేచాడు. పొద్దుటినుంచి వంగి వంగి నడుం పట్టేసింది. షెడ్డు రేకుల కింద మే నెల ఎండ ఉడికించేస్తోంది.

“విశాపట్నం బండండీ. వానల్లో నీట మునిగిపోనాదని ఓనరు తుక్కుకి అమ్మీసినాడు. మనిసి దుక్కలా ఉన్నాడు,” అన్నాడు.

దీక్షిత్ ముఖం వాడిపోయింది. “అలాగా,” అని వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

నమ్మలేదు కాబోలు అనుకున్నాడు హరిబాబు. నమ్మకపోవడమూ న్యాయమే. అది శుద్ధ అబద్ధం మరి.

నరసన్నపేట రోడ్డు పక్కన అతని షెడ్డు. తుక్కుకి వచ్చిన కార్లలోంచి పనికొచ్చేవి విప్పి, ఏసీ లేని పాత కార్లకి బిగిస్తాడు. పాతికేళ్లుగా ప్రతివాడూ అడిగేది ఈ ప్రశ్నే. మనిషి పోయిన బండిదని తెలిస్తే నట్టు కూడా ముట్టుకోరు. ఎక్కడా గుద్దుకోకుండా కారు తుక్కుకి ఎందుకొస్తుందని ఒక్కడూ ఆలోచించడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఆ లెక్కన హరిబాబు ఈపాటికి జిల్లాలో సగంమందికి పెళ్లిళ్లు చేసి ఉండాలి. ఆడి ఆడి అబద్ధమంటేనే విసుగొచ్చేసింది.

పైగా ఈసారి అబద్ధానికి మనసొప్పడం లేదు. దీక్షిత్ శ్రీముఖలింగంలో అర్చకుడు. తల్లికి ఎండ పడదనీ, ఆసుపత్రికి తిప్పాలనీ, అందుకే ఏసీ అనీ చెప్పాడు. శ్రీకాకుళంలో పెద్దపెద్ద షాపులుండగా ఈ షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. కొత్త కంప్రెసర్ వేయించుకోండి అంటే, “వద్దండీ, మీ దగ్గరున్న పాతదే వెయ్యండి,” అన్నాడు. పాపం, చేతిలో ఇబ్బందేమో అని హరిబాబు జాలిపడ్డాడు. కానీ ఆ బండికి సరిపడే ఏసీ షెడ్డులో ఒక్కటే ఉంది. ఒక నీలం కారు ఇనుమంతా లారీకెత్తేశాక మిగిలినది. ఆ కారులో మనిషి పోయింది.

మధ్యాహ్నం భార్య దుర్గ క్యారేజీ తెచ్చింది. బానెట్‌లోకి తొంగి చూసి మొగుణ్ని పక్కకి పిలిచింది.

“ఆ నీలం కారుదే ఎట్టీసినావేటి?”

“ఎట్టీసినాను. మరేటి సెయ్యమంటావు?”

“లింగాన్ని ముట్టుకునే మనిసి బండికి సావు సామానెడతావేటయ్యా? పాపం సుట్టుకోదేటి? నిజం సెప్పీ.”

“సెప్తే విప్పీమంటాడే. వారం దినాల పని. ఈ మాట పైకి పొక్కిందంటే మన షెడ్డు కాడికి కుక్క కూడా రాదు.”

“రాకపోతే మానె. మనవూ పిల్లలుగలోళ్లమే,” అని క్యారేజీ అక్కడ పెట్టేసి వెళ్లిపోయింది దుర్గ.

హరిబాబుకి అన్నం సయించలేదు. సగం తిని చెయ్యి కడిగేసుకున్నాడు.

నాలుగింటికి గ్యాస్ నింపడం అయింది. అప్పటికే దీక్షిత్ తల్లిని ఆటోలో రప్పించాడు. లక్ష్మీకామేశ్వరి గారు వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. హరిబాబు ఇంజను స్టార్ట్ చేసి స్విచ్ వేశాడు. చల్లటి గాలి జివ్వున కొట్టింది. ఇంత బాగా కుదిరిన పని ఈమధ్య కాలంలో లేదు. ఆమె మాత్రం నవ్వలేదు. కొడుకు వంక చూశారు.

“అమ్మ ఎదుట ఇంకొక్కసారి చెప్పండి హరిబాబు గారూ. ఇది విశాఖపట్నం బండిదేనా?” అన్నాడు దీక్షిత్.

“ఎన్నిసార్లు సెప్పమంటారు బాబూ!”

“అయితే విప్పేయండి. మీ కూలీ మీకిచ్చేస్తాం.”

ఆమె తలుపు తీసి దిగబోయారు. హరిబాబు చేతిలోని స్పానర్ నేలకేసి కొట్టాడు. వారం రోజుల అలసటంతా ఒక్కసారి కోపమైంది. ఆ కోపం వాళ్లమీద కాదు, తనమీదే.

“అబద్దమాడినానండీ. మనిసి పోయిన బండే. టెక్కలి దాటినాక లారీ కిందకెళ్లిపోనాది. ఎవలో ఆడపిల్ల, ఒక్కర్తీ నడుపుకొస్తంది. అక్కడికక్కడే... నీలం కారు. తెలిసినాది గదా? విప్పీస్తాను. కూలీ కూడా అక్కర్లేదు.”

దీక్షిత్ షెడ్డు గుంజని పట్టుకున్నాడు. “ఎప్పుడు?”

“రథసప్తమి మర్నాడు.”

తిథి కనుక్కుంటున్నాడు, శాంతి చేయించుకుంటారు కాబోలు అనుకున్నాడు హరిబాబు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“తప్పయిపోనాది పంతులుగారూ. అయినా మీ మనసులో మాటేటో మీరైనా ముందు సెప్పుంటే పోయేది.”

“ముందే చెబితే, మాకు నచ్చేదే చెబుతారు కదండీ మీరు.” అన్నాడు దీక్షిత్.

హరిబాబు స్పానర్ ఏరుకుని బానెట్ దగ్గరికి నడిచాడు. కారు తలుపు మళ్లీ పడిన చప్పుడైంది. లక్ష్మీకామేశ్వరి గారు సీట్లో వెనక్కి చేరి, గాలి వచ్చేచోట రెండు అరచేతులూ పెట్టుకుని కూర్చున్నారు.

“విప్పకు నాయనా,” అన్నారు.

“సావు బండిదండీ అమ్మా. మీలాటోళ్లకి అసుబం కాదా?”

ఆమె చేతులు తియ్యలేదు.

“అది మా అమ్మాయి విశాలి కారు.”