ఖజానా లెక్కపెట్టని ఇరవై ఆరుమంది

"అయితే సోమవారం పెర్త్ బస్సెక్కేస్తాను. అటు వైపు గనుల్లో ఎప్పుడూ పని ఉంటుంది," అంది టామ్సిన్, వెల్డింగ్ ముసుగు పైకెత్తి.

నోరీన్ ఆ పిల్ల పని చూపించడానికి వేసిన అతుకును తొడుగు వేసుకున్న వేలితో తడిమింది. ఇరవై ఏళ్లుగా నీటి ట్యాంకుల షెడ్డు నడుపుతోంది కానీ, అంత నున్నటి అతుకు చూడలేదు.

"నిన్ను పెట్టుకోవాలనే ఉందే పిల్లా. ఇంకొక్కరు చేరితే ఏడాదికి నేనిచ్చే జీతాల మొత్తం ప్రభుత్వం గీసిన గీత దాటుతుంది. దాటితే జీతాల మీద కూడా పన్ను కట్టాలి. ఇక నాకేం మిగులుతుంది?"

"ఆ గీత పైకి జరపాలా అని ఇవాళ టౌన్ హాల్లో ప్రభుత్వం వేసిన కమిటీ కూర్చుంటోందిగా?"

"కూర్చుంటారు, టీ తాగుతారు, లేస్తారు."

అయినా ఇద్దరూ వెళ్లారు. నోరీన్ లేచి తన గోడు చెప్పబోయి తడబడింది. అంతలో ఆసుపత్రి నర్సు అందుకుంది.

"మీకు పన్ను తగ్గిస్తే మా ఆసుపత్రికి డబ్బు ఆకాశం నుంచి ఊడిపడుతుందా?"

చివరి వరసలోంచి నలిగిన కోటు వేసుకున్న ఒకాయన లేచాడు. కమిటీ అధ్యక్షురాలు పేరడిగింది.

"పేరు తర్వాత రాసుకోండి, ముందు వినండి. బేకరీలో రెండో పొయ్యి ఆరేళ్లుగా వెలగలేదు. ఇంకో మనిషిని పెడితే గీత దాటుతారు. టైర్ల కొట్టువాళ్లు పన్ను ఏడాది ముగిసే జూన్ నెలంతా మూసేసి చేపలకు పోతారు. సరదాకనుకున్నారా? ఆ నెల జీతాలు కూడా కలిస్తే ఏడాది లెక్క గీత దాటుతుంది."

టైర్ల కొట్టాయన తల దించుకున్నాడు.

"ఈ ఒక్క వీధిలోనే అలాంటి ఖాళీలు ఇరవై ఆరు. వచ్చిన పన్నును ఖజానా లెక్కపెడుతుంది. పని దొరక్క ఊరొదిలి వెళ్లినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టాను."

నోరీన్‌కు అది రోజూ నడిచే వీధే. ఇప్పుడందులో ఇరవై ఆరుమంది, వాళ్ల పిల్లలు, వాళ్ల సైకిళ్లు కళ్లకు కట్టినట్టు కనిపించాయి. ఇంత పెద్ద సంగతి ఇన్నేళ్లూ తన కంట పడనందుకు ఆమె నివ్వెరపోయింది.

"మరి ఆసుపత్రి?" అంది నర్సు, ఈసారి మెల్లగా.

"మొదట్లో రాబడి తగ్గుతుందమ్మా, అబద్ధం చెప్పను. కానీ మనుషులుంటే ఇళ్లు కొంటారు, బండ్లు కొంటారు, వాటి మీద పన్నులొస్తాయి. మనుషులే లేకపోతే? నిరుడు మీ కాన్పుల వార్డు ఎందుకు మూశారో మీకే తెలుసు."

నర్సు తలూపి కూర్చుంది.

"ఎవరీయన? ఏ కొట్టు పెట్టి చేతులు కాల్చుకున్నాడో పాపం," అంది టామ్సిన్ గుసగుసగా.

అధ్యక్షురాలు అటూ ఇటూ ఉన్న సభ్యులతో మాట్లాడింది. "గీత పైకి జరపమని రాస్తున్నాం. ప్రభుత్వం మా మాట కాదనదు."

నోరీన్ టామ్సిన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "టికెట్టు రద్దు చేసుకో. సోమవారం పొద్దున ఏడింటికల్లా షెడ్డులో ఉండాలి."

"ఇప్పుడైనా చెప్పండి, రికార్డులో రాసుకోవాలి," అంది అధ్యక్షురాలు ఆ మనిషితో. "మీ పేరు, చేసే పని?"

"లీత్ హాక్రిడ్జ్," అన్నాడాయన. "ఈ జిల్లాలో ఆ పన్ను వసూలు చేసేది నేనే."