అచ్చులో లేని బొమ్మ

"ఈ కట్టేమిటి?"

గోడ ముందు నిలబడి అడిగాడతను.

ముసలి పెయింటర్ స్టూలు మీద నుంచి మెల్లగా దిగాడు.

"ఎలుగుపిల్ల కాలికి దెబ్బ తగిలింది బాబూ. అందుకని కట్టు."

"దెబ్బెప్పుడు తగిలింది? పుస్తకంలో ఎక్కడుంది?"

అతను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. పదిహేనేళ్ళుగా అదే పని. ఒత్తు జారినా, కామా ఎక్కువైనా కంట్లో నలుసు పడినట్టుంటుంది అతనికి.

అతని భార్య నెల ముందే ఆసుపత్రిలో చేరింది. బీపీ ఎక్కువగా ఉంది, కాన్పయ్యేదాకా కదలకూడదన్నారు డాక్టర్లు. ఆమె తిరిగొచ్చేలోగా బిడ్డకు గది సిద్ధం చేయాలనుకున్నాడు.

ఆమె చిన్నప్పుడు ప్రాణంగా చదువుకున్న బొమ్మల పుస్తకం ఒకటుంది. దారి తప్పిన ఎలుగుపిల్ల కథ. నాలుగు దుకాణాలు గాలించి కొత్త ప్రతి సంపాదించాడు. అందులోని బొమ్మలన్నీ గోడల మీదికి ఎక్కించాలి. ఆమెకు మాత్రం చెప్పలేదు. తలుపు తీయగానే ఆ ముఖం చూడాలని ఆశ.

రంగుల దుకాణం యజమాని ఈ ముసలాయన్ని పంపాడు.

మూడు గోడలు ముచ్చటగా వచ్చాయి. తేనెపట్టు, అడవి, వాన. పుస్తకం పక్కన పెట్టి చూసినా వంక పెట్టడానికి లేదు.

నాలుగో గోడ దగ్గరే వచ్చింది తంటా.

పుస్తకం చివరి పేజీలో తల్లి ఎలుగు ఏరు దాటి వచ్చి, పిల్లను వీపున ఎక్కించుకుని పోతుంది. గోడ మీద తల్లి అవతలి ఒడ్డునే ఉండిపోయింది. ఏటి మధ్య ఎర్ర పడవ. పడవలో కాలికి కట్టుతో ఎలుగుపిల్ల ఒక్కటే తెడ్డు వేస్తోంది.

"ఈ పడవెక్కడిది?"

"పిల్ల ఇల్లు చేరింది పడవలోనే బాబూ."

"ఎవరు చెప్పారు?"

ముసలాయన గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"నేనెరిగిన పుస్తకంలో ఇలాగే ఉండేది."

"నువ్వెరిగిన పుస్తకం సంగతి నాకెందుకు? నేనిచ్చింది ఇదిగో. ఇందులో చూపించు."

పొద్దున 'మీరు' అన్నవాడు సాయంత్రానికి 'నువ్వు'లోకి దిగాడు. ఆ సంగతి అతను గమనించలేదు. ముసలాయన గమనించాడు.

"చూపించలేను బాబూ. కానీ పిల్లలకు ఇది నచ్చుతుంది."

"నాకు కబుర్లు చెప్పకు. చూపు ఆనకపోతే ముందే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు దించడం చేతకానప్పుడు కుంచె పట్టుకోవడం దేనికి?"

ముసలాయన తెల్లరంగు డబ్బా మూత తీశాడు. పడవ పోయింది. తెడ్డు పోయింది. కట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కాస్త ఆగింది.

తర్వాత అదీ పోయింది.

మర్నాడు వచ్చి పుస్తకంలో ఉన్నట్టే వేశాడు. గీత తేడా లేదు.

"వస్తాను బాబూ" అన్నాడు వెళ్తూ.

పుస్తకాన్నీ గోడనూ మార్చి మార్చి చూసుకుంటున్న అతను తల ఎత్తలేదు.

వారానికి ఆడపిల్ల పుట్టింది.

ఆ సంతోషంలోనే రంగుల దుకాణానికి వెళ్ళాడు.

"మీ పెయింటర్ని ఒక్క పూట పంపండి. కిటికీ ఒకటి మిగిలిపోయింది."

"ఆయన పని మానేశాడండీ."

"ఒంట్లో బాగాలేదా?"

"నిక్షేపంలా ఉన్నాడు. చూపు ఆనడం లేదట, ఉన్నది ఉన్నట్టు దించలేకపోతున్నాడట. కుంచెలన్నీ నాకిచ్చేసి, తమ్ముడి కూతురు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఏ ఊరో కూడా చెప్పలేదు. నిన్నగాక మొన్న నా ముందే సూదిలో దారం ఎక్కించాడండీ ఆయన. ఎవరేమన్నారో ఏమో."

బల్ల మీద డబ్బాలో కుంచెలున్నాయి. శుభ్రంగా కడిగి, తుడిచి పెట్టినవి. వాటి వైపు చూడలేక అతను దుకాణం బయటికి వచ్చేశాడు.

ఆ సంగతి భార్యకు చెప్పాలనుకున్నాడు. ముఖం చెల్లలేదు.

ఆమె బిడ్డనెత్తుకుని ఇంటికి వచ్చిన రోజు, గది గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను ఆశపడిన ముఖమే అది. తేనెపట్టును తడిమింది. అడవిని బిడ్డకు చూపించింది. వాన దగ్గర కళ్ళు తుడుచుకుంది. నాలుగో గోడ దగ్గరికి వచ్చి ఆగింది.

"పడవేది?"

అతను పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ పడవ?"

"ఎర్ర పడవ. చివరి బొమ్మ అదే కదా?"

"పుస్తకంలో లేదు" అన్నాడు, పుస్తకం అందించి.

ఆమె చివరి పేజీని చాలాసేపు చూసింది. ఆ తర్వాత చిన్నగా నవ్వింది.

"అయితే అసలు కథ ఇదన్నమాట. ఇన్నేళ్ళకు తెలిసింది. ఏడేళ్ళప్పుడు కాలు విరిగి నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉన్నానని చెప్పాను కదా? పిల్లల వార్డు మొత్తానికి ఈ ఒక్క పుస్తకమే ఉండేది. చివరి పేజీ చిరిగిపోయింది. ఎలుగుపిల్ల ఇల్లు చేరిందో లేదో తెలియక రోజూ ఏడ్చేదాన్ని. ఒకరోజు పొద్దున్నే చూస్తే పుస్తకానికి కొత్త పేజీ కుట్టి ఉంది. పడవలో ఎలుగుపిల్ల. దాని కాలికి నా కాలికున్నట్టే కట్టు. తనే తెడ్డు వేసుకుంటూ ఇంటికి పోతోంది. ఆ రోజే నేను మంచం దిగి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాను."

అతను గోడకు ఆనుకున్నాడు.

"ఎవరు వేశారు ఆ బొమ్మ?" అడిగాడు, జవాబు తెలిసే.

"పేరు తెలీదు. మా వార్డు గోడలకు సున్నం వేయడానికి వచ్చినాయన" అంది ఆమె, పాపను భుజాన వేసుకుంటూ. "ఎక్కడున్నాడో వెతికి తీసుకురాగలవా? నా కూతుర్ని ఒక్కసారి ఆయన చేతుల్లో పెట్టాలి."