ఎడమ అంచు

వెడల్పాటి తెర మీద కస్తూరి కనిపించింది. చదరపు తెర మీద కనిపించలేదు.

సుభాషిణి రెండు మానిటర్లనూ పక్కపక్కన పెట్టుకుని, అదే మలుపులో అదే కారును మళ్ళీ నడిపించింది. నోయిడాలోని వీడియో గేముల కంపెనీలో రోడ్లూ భవనాలూ నిర్మించడం ఆమె ఉద్యోగం. ఢిల్లీ మయూర్ విహార్‌లోని ఈ మలుపును మాత్రం లాయరు అడగగా కోర్టు కోసం కట్టింది. అక్కడ రోడ్డు దాటుతున్న కస్తూరి అనే నర్సింగ్ విద్యార్థినిని ఒక కారు గుద్ది చంపింది. ఆమె తనకు కనిపించనే లేదని కారు నడిపినవాడు ప్రమాణం చేశాడు. కనిపించిందని తేలితే అతనికి జైలే. రేపు జడ్జి గారు డ్రైవరు సీటులోంచి చూసినట్టుగా ఈ దృశ్యాన్ని చూస్తారు.

కోర్టు గదిలో ఉన్నది పాతకాలపు చదరపు మానిటర్.

"చైతూ, ఒకసారి ఇటు రా. ఇందులో అమ్మాయి ఏమైపోయింది?"

పక్క సీటు కుర్రవాడు చైతు కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు.

"అచ్ఛా, ఇదా! మన గేమ్ కెమెరా నిలువు కోణాన్నే మారకుండా పట్టుకుని ఉంటది మేడమ్. తెర వెడల్పు తగ్గితే పక్కలు కోసేస్తది. పక్కనుంచి వచ్చి కాల్చినోడు కనబడలేదని మన గేమ్ ఆడేటోళ్ళు తిట్టేది ఇందుకే కదా."

"మరి ఏది నిజం?"

"డ్రైవరు గంతలు కట్టుకుని నడుపుతడా? వెడల్పుదే నిజం. అడ్డం కోణం బిగిస్తే పక్కలు పోవు. పైనా కిందా కాస్త ఎక్కువ కనిపిస్తది, గంతే."

అతను ఒక్క సెట్టింగు మార్చాడు. చదరపు తెర ఎడమ అంచున కస్తూరి ప్రత్యక్షమైంది. కారు ఇంకా దూరంగానే ఉంది. బ్రేకు వేయడానికి కావలసినంత వ్యవధి ఉంది.

సుభాషిణి కారును వెనక్కి జరిపి మళ్ళీ నడిపించింది. కస్తూరి అక్కడే ఉంది.

"కనిపించలేదని ఒట్టు వేశాడే..."

"జూఠా మేడమ్ వాడు, పచ్చి అబద్ధాలకోరు! ఫోన్ చూస్తూ ఉండుంటడు. రేపు మొహం ఎక్కడ పెట్టుకుంటడో!"

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి చైతు తగ్గాడు.

"మీవాళ్ళా మేడమ్?"

ఆమె తల ఊపింది.

"ఏడవకండి. న్యాయం జరుగుతది," అని, టీ తేవడానికి అతను కిందికి వెళ్ళాడు.

అతని అడుగుల చప్పుడు వినిపించకుండా పోయాక, సుభాషిణి ఆ సెట్టింగును మళ్ళీ మొదటిలాగే మార్చి, కస్తూరి మాయమవడం కళ్ళారా చూసుకుని, ఫోన్ తీసింది: "లాయరు గారూ, ఆ పాత మానిటర్ మీదే చూపించమనండి, మా అబ్బాయి బయటపడతాడు."