చక్రంలో చప్పుడు

“గేరుబాక్సు పోయింది కాకా,” అన్నాడు ఉపేందర్, బానెట్ కూడా ఎత్తకుండానే.

జనగామలో అతని షాపు ముందు ఆరు కార్లు వరసలో ఉన్నాయి. జగపతి తన పాత కారు వైపు చూశాడు.

“చప్పుడు చక్రం కాడ వస్తుంది గద?”

“చప్పుడు గక్కడ, రోగం గిక్కడ. మోకాలు గుంజుతుందంటే డాక్టరు నడుం చూడడా?”

“ఎంతయితది?”

“ఇరవై ఎనిమిది వేలు. నీ మొహం చూసి ఇరవై ఆరు. గిట్లనే నడిపినవనుకో, చక్రం నీకన్న ముందు ఇల్లు చేరుతది.”

“ఆలోచించి చెప్త.”

“చాయ్ తాగుకుంట ఆలోచించు.”

కారు ఎక్కగానే బావమరిది పరశురాములు మండిపడ్డాడు.

“పొద్దుగాల చక్రం కప్పుల గులకరాయి ఏసింది నువ్వే గద బావా. సిగ్గులేకుంట గేరుబాక్సు అంటడేంది?”

“గీ దొంగ పేరు తెచ్చిందెవరు?”

“నేనే. ఇద్దరి పేర్లు తెచ్చిన. రెండోన్ని సుత చూడు.”

జగపతి భార్య పోయి మూడేళ్లు. ఆమె మనిషిని చూడగానే చెప్పేసేది. ఆయనకు ఆ విద్య రాదు, అందుకే గులకరాయి. శుక్రవారం లోపల ఇద్దరిలో ఒకరికి మాట ఇవ్వాలి. ఒకసారి అప్పజెప్పాక వెనక్కి తెచ్చుకోవడం ఉండదు. మోసపోకు నాయినా అని కూతురు ప్రవళిక బయల్దేరేటప్పుడే చెప్పింది.

మహబూబాబాద్ దాకా చక్రం టకటకమంటూనే ఉంది. అక్కడి మెకానిక్ శ్రావణ్ కారును పది అడుగులు ముందుకు నెట్టించి, చెవి పెట్టి విన్నాడు. చక్రం కప్పు ఊడదీసి, రాయిని జగపతి అరచేతిలో పెట్టాడు.

“గిదే కాకా నీ రోగం.”

“గేరుబాక్సు అన్నరు మరి?”

“నీ గేరుబాక్సు నాకన్న గట్టిగుంది.”

“ఎంత ఇయ్యాలె?”

“రాయి తీసినందుకు పైసలేంది?”

జగపతి ఖాళీ షాపును ఒకసారి కలియజూశాడు.

“ఇంకో బండి లేదేంది?”

“నా కాడికి ఒక్కసారి వచ్చిన బండి మళ్ల ఏండ్లదాకా రాదు కాకా,” అని శ్రావణ్ నవ్వాడు.

తిరుగు దారిలో పరశురాములు పట్టరాని సంతోషంతో ఉన్నాడు.

“బంగారం అసొంటోడు బావా. రేపు వీడు అబద్ధమాడుమన్నా ఆడడు.”

“ఆడడు.”

“గసొంటోడు మళ్ల దొరుకుతడా?”

“దొరకడు.” జగపతి రాయిని కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

“ఇంక సోచాయించేదేముంది?”

“ఏం లేదు. ఫోన్ కలుపు, మాట ఇచ్చేద్దాం.”

శుక్రవారం ప్రవళికకు ఉపేందర్‌తో నిశ్చితార్థం జరిగింది.