మంట తర్వాత

"ఏయ్! అడ్డం తప్పుకో!"

కారు కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ అరిచాడు నిప్పుకోడి.

ఆ మనిషి తప్పుకోలేదు. సరిగ్గా కారు వెనక, సందు మధ్యలో, తడిసిన గోనె ఒకటి నేల మీద పరిచి దాని మీద నిలబడ్డాడు.

నిప్పుకోడి అనేది బావ పెట్టిన పేరు. కారు సైలెన్సర్లోంచి మంటలు కక్కించాలన్న పిచ్చి పట్టాక అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. కుదురన్నది లేదు. అన్నం తింటున్నా, నిద్రపోతున్నా కుడికాలు యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంటుంది.

బావ మెకానిక్. సందు మొదట్లో బావ షెడ్డు, దాని వెనక అక్క పరుపుల దుకాణం. కారు ముక్కు రోడ్డు వైపు, తోక అక్క వైపు.

"నిప్పునీ దూదినీ పక్కపక్కన పెట్టకూడదురా," అనేది అక్క.

"నెల రోజులుగా చేస్తున్నా. ఒక్క ఆకైనా కాలిందా అక్కా?"

కాలలేదు. అది నిజమే. అక్క లోపలికెళ్ళి కుట్టుమిషన్ ముందు కూర్చునేది.

రోజూ సాయంత్రం ఒకటే తంతు. సందు మొదట్లో గోడ మీద ఫోన్ నిలబెట్టి వీడియో ఆన్ చేస్తారు. బావ పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఇంజనుకి చాలినదానికన్నా ఎక్కువ పెట్రోలు తాగిస్తాడు. ఇంజను గొంతు చించుకుంటుంది. ఠక్కున కాలు తీస్తే, మిగిలిపోయిన పెట్రోలు సైలెన్సర్లో భగ్గుమంటుంది. వేడి తగ్గడానికి వెంటనే రోడ్డు మీద ఒక చుట్టు. తిరిగొచ్చాక వీడియో ఆపి చూసుకోవడం.

ముందు కూర్చున్నవాడికి వెనక సంగతి ఏం తెలుస్తుంది? తన మంట తను చూసుకోవాలంటే నిప్పుకోడికి ఆ ఫోనే గతి. మంట దాకా చూసేవాడు, జానెడే వచ్చిందని విసుక్కుని కట్టేసేవాడు.

రేపు సాయంత్రంలోగా మంచి వీడియో పంపితేనే కార్ల ప్రదర్శనలో చోటు. లేకపోతే లేదు.

ఇవాళ చుట్టుకి వెళ్ళకుండానే నిప్పుకోడి దిగి ఫోన్ అందుకున్నాడు. ఇన్నాళ్ళకి మంట బారెడు వచ్చింది! కానీ అది పూర్తిగా ఆరకముందే దూరి, దానికడ్డంగా ఈ మనిషి వీపు.

"ఎవరు పంపించారు నిన్ను?"

అతనెవరో ఎవరికీ తెలియదు. మూల మీద మూతబడ్డ కొట్టు అరుగు మీద పడుకుంటాడు. రోజూ పొద్దున్నే వచ్చి ఒకటే అడుగుతాడు. "ఇవాళ ఎప్పుడు నాన్నా?"

"ఎప్పుడైతే నీకెందుకు? పోలీసులకి చెప్తావా?"

కారు చుట్టు తిరిగి వచ్చేసరికి, భుజాన గోనెతో సందులోంచి బయటికి పోతూ కనిపిస్తాడు. ఆ గోనెలో ఏం ఎత్తుకుపోతున్నాడో అని బావ అనుమానం.

"వెనక దూది నాన్నా..." అని గొణిగాడు ఆ మనిషి.

"మా అక్క దూది మీద నీ కన్నేంటి?"

నిప్పుకోడి గోనె లాగి గోడ అవతలికి విసిరేశాడు. దాని కింద నేల ఎలా ఉందో చూడలేదు. చూస్తే బాగుండేది.

"రోజూ బకెట్టెడు నీళ్ళు కూడా కావాలి మహానుభావుడికి," అంది అక్క గుమ్మంలోంచి. "తాగడానికీ కాదు, స్నానానికీ కాదు. రేపట్నుంచి ఇచ్చేది లేదు."

అతను ముగ్గురి మొహాలూ చూశాడు. ఖాళీ బకెట్ గుమ్మం పక్కన బోర్లించి వెళ్ళిపోయాడు.

మర్నాటికి మూల మీది అరుగు ఖాళీ.

"పీడా పోయింది," అన్నాడు నిప్పుకోడి. పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా షెడ్డు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. "బావా, ఇంకెంతసేపు?"

"నిప్పుకోడి ఎగరదు బామ్మర్దీ. నువ్వూ కాస్త నేల మీద ఉండు."

పొద్దు వాలింది. ఇంజను అరిచింది. భగ్గుమన్న వెలుగుకి కారు అద్దాలన్నీ ఎర్రబడ్డాయి.

"బారెడు కాదు బావా, అంతకన్నా ఎక్కువే!"

ఆనందం పట్టలేక ఒక చుట్టు చాలదని రెండో చుట్టు కూడా తిప్పాడు.

తిరిగొచ్చేసరికి సందంతా పొగ. జనం బకెట్లతో పరిగెడుతున్నారు. అక్క తను బయటపడి, కుట్టుమిషన్ ఒక్కటీ లాగగలిగింది. పరుపులు, దిండ్లు, దూది మూటలు, పైకప్పు, అన్నీ బూడిదయ్యాయి.

అంతా చల్లారాక, కుట్టడానికేమీ లేని మిషన్ ముందు అక్క కూర్చుంది.

"ఒక్క ఆకైనా కాలిందా అన్నావు కదరా," అంది.

నాలుగు తిట్టినా బాగుండేది.

"ఒట్టు అక్కా! ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు. ఇవాళే ఎందుకో... కావాలంటే చూడు."

పాత వీడియో ఒకటి పెట్టాడు. జానెడు మంట. కారు వెళ్ళిపోయింది. ఎప్పుడూ అక్కడే కట్టేసేవాడు. ఇవాళ ఫోన్ అక్క వైపు తిప్పి పట్టుకున్నాడు, ఆపలేదు.

ఖాళీ సందు. గోడవార గడ్డిలో చిక్కుకున్న దూది మీద ఎర్రటి చుక్క. అది మెల్లగా పాకింది.

గోనె మనిషి పరుగున వచ్చాడు. తడిగోనె కప్పాడు. చేత్తో తడిమి చూశాడు. బకెట్లో నీళ్ళు అక్క గుమ్మం దాకా చల్లాడు.

"ఇంకోటి పెట్టు," అంది అక్క.

ఇంకోటి పెట్టాడు. మళ్ళీ దూది, మళ్ళీ గోనె.

బావ లేచి మూల దాకా వెళ్ళాడు. అరుగు మీద ఎవరూ లేరు.

నిప్పుకోడి ఒక్కో వీడియో పెడుతూనే ఉన్నాడు. ప్రతిదాని చివరా, నిప్పంతా ఆరిందని చూసుకున్నాక, తననెవరూ చూడటం లేదనుకుని, ఆ మనిషి కారు వెళ్ళిన వైపు తిరిగి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నాడు.